స్టేషన్లు చెరిగిన గాజు

గల్ఫ్‌లోని ఫుజైరాలో బాబా సయీద్ ఇంటి డ్రైవర్ ఖాదర్ హుస్సేన్ నోరు విప్పాడంటే, ఎదుటివాడు కూర్చోవడానికి చోటు చూసుకోవాల్సిందే. రాయచోటిలో ఒకసారి బావిలో పడ్డ రేడియోని పైకి తీసి, ఎండబెట్టి, చెవి తిప్పితే, బావిలో ఉన్నన్నాళ్లూ చదవలేకపోయిన పాత వార్తలన్నీ వరసగా చదివి, ఆ తర్వాతే ఆ పూట వార్తల్లోకి వచ్చిందట. ఇంకో రేడియోని మరీ బాగా బాగుచేసేశాడు. అది రేపటి వాన ఇవాళే చెప్పేది. ఊళ్లో గొడుగులమ్మేవాడు రోజూ దానికి అగరొత్తులు వెలిగించి పోయేవాడట.

అసలు రాయచోటిలో ఖాదర్ చేసిన పని పెళ్లిళ్లకి మైకు సెట్లు మొయ్యడం. అది మాత్రం ఎక్కడా చెప్పలేదు.

బాబా సయీద్‌కి వాల్వుల రేడియోలంటే ప్రాణం. వచ్చినవాళ్లని కూర్చోబెట్టే మజ్లిస్ పక్క గదినిండా అవే. చెక్క పెట్టెలు, ముందు జల్లెడ గుడ్డలు, దంతం రంగు చెవులు. డ్రైవర్ కబుర్లు విని ముసలాయన మురిసిపోయి ఆ గది తాళం అతని చేతిలో పెట్టాడు. ఖాదర్‌కి తెలిసిన వైద్యం ఒక్కటే. వెనక అట్ట విప్పి, కుంచెతో దుమ్ము దులిపి, వాల్వుల బుడ్లని ఒక్కొక్కటే పీకి, కాళ్లు తుడిచి, మళ్లీ గుచ్చడం. అదృష్టమేమోగానీ చాలా పెట్టెలు ఆమాత్రానికే గొంతు సవరించుకుని పలికేవి. దాంతో ఖాదర్ పేరు ఆ వీధి చివరిదాకా పాకింది.

ఆ ఇంటికి వంటకి కొత్తగా వచ్చిన గంగాభవానిది అమలాపురం దగ్గర పల్లె. ఆమెకి అరబ్బీలో నాలుగు వంటింటి మాటలు తప్ప రావు. బాబా ఏం చెప్పినా ఖాదరే తెలుగులోకి మార్చాలి, ఆమె ఏం చెప్పినా ఖాదరే అరబ్బీలోకి మార్చాలి. పొద్దుగూకాక బాబా ఆమె కోసం ఒక పెట్టె ఆన్ చేసేవాడు. వాల్వులు వేడెక్కి ఎర్రబడే దాకా ఆగితే, సముద్రం హోరు లాంటి మోతలోంచి హైదరాబాద్ ఆకాశవాణి తేలుతూ మునుగుతూ వచ్చేది. భవాని గడప పక్కన చతికిలబడి వినేది. రోజంతటిలో ఆమెకి వినపడే తెలుగు, ఖాదర్‌ది తీసేస్తే, అదే.

అన్నిటికన్నా బాబాకి ప్రాణమైంది వాళ్ల నాన్న కువైట్ నుంచి పడవలో తెచ్చిన జర్మనీ పెట్టె. దాని ముందు గాజు మీద కైరో, బాగ్దాద్, బస్రా, బొంబాయి అని అరబ్బీలో స్టేషన్ల పేర్లు ఉండేవి. "నేను బడికి పోలేదు ఖాదర్. ఈ పేర్ల మీద వేలు పెట్టి మా నాన్న నాకు అక్షరాలు నేర్పాడు," అనేవాడు.

ఒక శుక్రవారం, తనలాగే పాత రేడియోలు పోగేసే స్నేహితులు షార్జా నుంచి వస్తున్నారని బాబా ఆ పెట్టెని తళతళలాడించమన్నాడు. ఖాదర్ డ్రైవర్. గాజు కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. ఆ ఇంటి కారు అద్దంలో ముఖం చూసుకుని దారినపోయేవాళ్లు మీసాలు దువ్వుకునేవాళ్లు. పెట్టె విప్పి, గాజు పలక బయటికి తీసి, కారుకి వాడే నీలం మందు రెండువైపులా చిమ్మి, గట్టిగా తుడిచాడు.

పేర్లు గాజుకి లోపలివైపు అద్దిన రంగు. కైరో ముందు పోయింది. ఏమైందో తెలిసేలోపు బొంబాయి కూడా గుడ్డకి అంటుకుంది. మిగిలిన గాజు మాత్రం ఆ ఇంట్లో ఏ అద్దమూ మెరవనంతగా మెరిసింది.

ఆ గాజుని అలాగే బిగించాడు. అంతలోనే బాబా స్నేహితులతో లోపలికి వచ్చి చెవి తిప్పాడు. దీపం వెలిగింది. ఖాళీ గాజు వెనక ముల్లు ఒక్కటే అటూ ఇటూ తిరిగింది. బాబా వంగి చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఎవరు?" అన్నాడు మెల్లిగా.

సరిగ్గా అప్పుడే భవాని గావా కాఫీ పళ్లెంతో వచ్చింది. ఖాదర్ నోరు అతన్ని అడగలేదు. ఎప్పుడూ అడగదు కూడా. "ఈ పిల్ల, బాబా. తెలీక తుడిచింది," అనేసింది ఆ నోరు అరబ్బీలో.

అందరూ తనవైపు చూసేసరికి భవాని కొంగు సర్దుకుంది. "ఏమంటన్నారు అన్నయ్యా?"

"ఏం లేదులే చెల్లెమ్మా. నీ గావా శానా బాగుందంటాండారు."

భవాని ముఖం వెలిగిపోయింది. బాబా వైపు తిరిగి, తల వంచి, "షుక్రన్ బాబా," అని కృతజ్ఞత చెప్పుకుంది.

షార్జా పెద్దమనుషులు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. బాబా చేత్తో ఆమెని వెళ్లమని సైగ చేశాడు.

ఆ సాయంత్రం భవాని వచ్చేసరికి రేడియో గది తలుపు వేసి ఉంది. మర్నాడూ అంతే. "ఆమెని ఏమీ అనకు, పాపం తెలియదు. కానీ ఆ గదిలోకి మాత్రం రానివ్వకు," అని బాబా చెప్పిన మాట ఖాదర్ తెలుగులోకి మార్చనేలేదు.

"తలుపెందుకేశారు అన్నయ్యా?" అంది భవాని.

"ఆ పెట్టె చెడిపోయినాది చెల్లెమ్మా."

"లోపల పాడతందిగా."

ఖాదర్ దగ్గర దానికి కథ లేదు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అన్నం ముందు కూర్చుంటే ఆ షుక్రనే వినపడింది, బండి నడుపుతుంటే అదే. ఆమె నవ్వు ముఖం తలుచుకుంటే, బట్టలు లేకుండా బజార్లో నిలబడ్డట్టుగా ఉంది.

చివరికి తెగించి భవానిని వెంటబెట్టుకుని బాబా దగ్గరికి పోయాడు. గడప దాటకముందే ఆమెకి తెలుగులో చెప్పేశాడు. "ఆ గాజు తుడిచింది నేను చెల్లెమ్మా. పేర్లన్నీ పోయినాయి. నువ్వు తుడిచినావని నేనే చెప్పినా."

భవాని గడప ఇవతలే ఆగింది. "అంటే ఆరోజు వాళ్లు గావా గురించి అనలేదా?"

"లేదు."

"మరి నేను షుక్రన్ చెప్పానే. అంతమందిలో," అంది. తర్వాత, "నా ఎదురుగానే చెప్పు ఆయనకి," అంది.

ఖాదర్ చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఒక్క పోగు కూడా కలపకుండా, ఉన్నదున్నట్టు, నేల చూస్తూ. తను మెకానిక్‌ని కాదనీ, మైకులు మోసేవాణ్ణనీ కూడా చెప్పాడు.

బాబా అంతా విన్నాడు. గడ్డం నిమురుకున్నాడు. పగలబడి నవ్వాడు. "మైకులు మోసేవాడివా? బావిలో రేడియోని బతికించినవాడివి నువ్వు. దిక్కులేని ఆడపిల్ల తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు. వల్లాహ్, నీలాంటి మంచివాణ్ణి చూడలేదు."

"బాబా, ఖురాన్ మీద ఒట్టు."

"ఒట్టు కూడానా? అంత మంచితనం కూడదు. ఖలాస్, ఆ మాట వదిలెయ్." లేచి వచ్చి ఖాదర్‌ని కావలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టాడు.

ఆ భుజం మీదుగా ఖాదర్‌కి భవాని కనపడింది. ఆమె బాబా నవ్వునీ చూసింది, కావలించుకోవడాన్నీ చూసింది.

"మళ్లీ ఏం కథ చెప్పావు?" అంది.

"అల్లా సాక్షిగా నిజమే చెప్పినా, చెల్లెమ్మా. ఆయన నమ్మకపాయె."

ఆమె బల్ల మీది ఖాళీ గావా గిన్నెలు పళ్లెంలోకి ఏరుకుంది. ఒక్కటీ చప్పుడు కాలేదు. పళ్లెం ఎత్తుకుని, తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"గేటు తియ్యండి డ్రైవర్ గారూ. చెత్త బండి వచ్చింది."