అరువు మొహం

తెల్లారగట్ల చేపల పడవలు సీరా రేవుకి చేరకముందే నా కొట్టులో పాల టీ మరిగి ఉండాలి. యాలకులు నేనే దంచుతాను. టీ బాగుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఏడెన్‌లో ఆ వేళకి తెరిచే కొట్టు నాదొక్కటే కాబట్టి తాగుతారు.

మొదటి గ్లాసు సాల్మిన్‌ది. కాకుల్ని కాల్చడం అతని ఉద్యోగం. అవి ఆరబోసిన చేపల్ని ఎత్తుకుపోతున్నాయని పురపాలక సంఘం అతని చేతికి తుపాకీ ఇచ్చింది. కష్టం ఎక్కడంటే, కాకి ఒకసారి చూసిన మొహాన్ని మర్చిపోదు. పిల్లలకీ చూపించి చెబుతుంది. సాల్మిన్ వీధి మలుపు తిరిగితే చాలు, గట్టు మీది ముసలి కావలి కాకి ఒక్క కూత కూసేది. రేవంతా ఖాళీ.

అందుకని మొహాలు అరువు తీసుకునేవాడు. మా వీధిలో నిచ్చెన అడిగినట్టే మొహమూ అడుగుతాం. పొద్దున్నే మనది ఇచ్చి, అతనిది పెట్టుకుని, తలుపులు మూసుకుని లోపల కూర్చోవాలి. పొద్దుగూకే నమాజుకి ముందు పన్నీటితో కడిగి తిరిగిచ్చేస్తాడు. కళ్ళు మాత్రం మారవు, ఎవరివి వాళ్ళకే ఉంటాయి. నాది మెల్లకన్ను. నా మొహానికి తిన్నని కళ్ళు పట్టింది అతను దాన్ని పెట్టుకున్న ఆ ఒక్కరోజే. మా ఆవిడ చూసి, "తొందరేం లేదు అన్నయ్యా, ఇంకో రెండ్రోజులు ఉంచుకో" అంది.

ఒక మొహంతో ఒక్క వేటే. మర్నాటినుంచి కాకులు దాన్నీ గుర్తుపట్టేస్తాయి. మసీదుకి వెళ్ళే దారిలో నన్ను ఇప్పటికీ నెత్తిమీద పొడుస్తాయి, టోపీ కింద డబ్బా రేకు పెట్టుకుని వెళ్తాను. చివరికి వీధిలో పొడిపించుకోని మగాడు లేకుండా పోయాడు. మొహం ఇవ్వవోయ్ అంటే, "ఉన్నదొక్కటే కదయ్యా" అనడం మొదలుపెట్టారు.

మిగిలింది సాల్మిన్ కొడుకు వజ్దీ ఒక్కడే. చేపలు పట్టేవాడు. పేగులు నీళ్ళలో పారెయ్యకుండా గట్టుమీద కూర్చుని కాకులకి పెట్టేవాడు. కావలి కాకి వాడి మోకాలి మీదే వాలేది. కొడుకు పెంచుతాడు, తండ్రి కాలుస్తాడు అని వీధంతా నవ్వుకునేవాళ్ళం.

ఈ వారంలో ఆ కావలి కాకి పడకపోతే తుపాకీ తిరిగిచ్చెయ్యమని సంఘం మనిషి వచ్చి చెప్పాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర సాల్మిన్ భార్య హస్నా అందిట, "వాడి మొహం అడిగావంటే బాగుండదు."

"నేనడిగానా?"

"నీ చూపు అడుగుతోంది."

తెల్లారి తండ్రీ కొడుకూ కలిసే కొట్టుకొచ్చారు.

"నీ కాకులురా అవి," అన్నాడు సాల్మిన్.

"తుపాకీ పోతే నువ్వు ఇంట్లో కూర్చుని అమ్మ వంటకి వంకలు పెడతావు. దానికన్నా కాకి పోవడమే నయం. అమ్మకి చెప్పకు, అంతే."

తెర వెనక మార్చుకున్నారు. వజ్దీ తండ్రి మొహంతో నా వైపు తిరిగి, "ఎలా ఉన్నాను బాబాయ్?" అన్నాడు.

"ఇంక సంబంధాలు రావు," అన్నాను. వాడితో నా ఆఖరి మాట అదే.

వాణ్ణి వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. సాల్మిన్ తుపాకీని గోనెలో చుట్టుకుని గట్టుకి వెళ్ళాడు. కాకులన్నీ చుట్టూ చేరాయి. కావలి కాకి మోకాలి మీద వాలి, పేగుల కోసం నోరు తెరిచింది. దాన్ని కిందికి దించి కాల్చాడు.

మిగతావి లేచాయి. తుపాకీ చూశాయి, పట్టుకున్నవాడి మొహమూ చూశాయి. వజ్దీ మొహమే. వాడు కాల్చాడంటే నమ్మలేదు. తుపాకీ మోగిందంటే ఆ సాల్మిన్ ఇక్కడే ఎక్కడో ఉండాలి. వెతకడానికి బయల్దేరాయి.

అదే వేళకి గాలి ముదిరింది. "వజ్దీ పడవ తాడు తెగింది" అని ఎవరో కేకేశారు. నా చేతిలో పాలగిన్నె ఉంది. దించి తిరిగేసరికి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఏ మొహంతో ఉన్నామో మోసేవాడికి గుర్తుండదు కదా. రాళ్ళ మీద పరిగెడుతున్నవాణ్ణి కాకులు పైనుంచి చూశాయి. ఆకాశం నల్లబడి వాడిమీద దిగింది. చేతులు తలకి అడ్డం పెట్టుకుని వెనక్కి అడుగు వేశాడు. వెనక రాయి లేదు.

చచ్చినవాడి మీదున్న మొహం ఊడి రాదు.

"సాల్మిన్ పోయాడు" అని రేవంతా గోల. సాల్మిన్ పరిగెత్తుకొచ్చి, కింద రాళ్ళమీద పడున్న తన మొహం చూసుకున్నాడు. అంతలో హస్నా వచ్చి అతని తల రెండు చేతులా పట్టుకుంది. "నువ్వున్నావు కదరా నాయనా, నువ్వున్నావు," అంది. చెప్పడానికి అతని నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది.

తండ్రికి ఆఖరి స్నానం కొడుకే చేయించాలి. అతనే చేయించాడు. నన్ను తప్ప ఇంకెవర్నీ లోపలికి రానివ్వలేదు. నీళ్ళు నేను పోశాను.

హస్నా విధవ గడువు పట్టి నాలుగు నెలల పైన గడప దాటలేదు. అతను రోజూ తెల్లారగట్ల గట్టుమీద కూర్చుని కాకులకి పేగులు పెట్టేవాడు. భుజాల మీద వాలేవి, చేతిలోంచి తినేవి. అంత తెలివైనవీ మోసపోయాయి.

గడువు తీరిన సాయంత్రం నేను టీ పట్టుకెళ్ళాను. అతను గ్లాసు కింద పెట్టి, "హస్నా," అన్నాడు.

ఆమె విప్పిన నల్ల బట్టలు మడత పెడుతూనే ఉంది. "చెప్పకు. మొదటిరోజే తెలిసింది. వాడు చెప్పులు జతగా పెడతాడు. నువ్వు ఒకటి అటూ ఒకటి ఇటూ విసురుతావు. పెళ్ళైనప్పట్నుంచీ ఏరుతున్నది నేనే కదా."

"మరి ఇన్నాళ్ళూ..."

"నేను ఏడ్చింది వాడికోసమే. ఊరు నీ పేరు పెట్టుకుంది."

దీపం దగ్గరికి జరిపింది. "ఇలా వచ్చి కూర్చో." కూర్చున్నాడు. ఆమె అతని చెంప మీద చెయ్యి వేసి, గడ్డం కొంచెం పైకెత్తింది.

"కళ్ళు మూసుకో," అంది. "అవి నీవి."

సాల్మిన్ కళ్ళు మూసుకున్నాడు. గ్లాసు నేను మర్నాడు తెచ్చుకున్నాను.