చుట్టపుచూపుకు వచ్చిన కొక్కెర

ఊళ్ళో కోళ్ళకు కొక్కెర రోగం వచ్చిందంటే మస్తాన్‌బీ పుట్టింటివాళ్ళకు ఒకటే మందు తెలుసు. ఆ మందు పేరు చుట్టం. పొద్దున తూగిన కోడి సాయంత్రానికి మెడ వాల్చేస్తుంది, తెల్లారేసరికి కాళ్ళు చాపేస్తుంది. ఆ తర్వాత ఆ వీధిలో కోడికూత వినపడాలంటే మళ్ళీ ఏడాది పట్టాల్సిందే. అందుకని రోగం పక్కవీధిలో ఉండగానే తమ కోళ్ళను గంపకెత్తి, పై ఊళ్ళో ఉన్న అక్క ఇంటికో మేనత్త ఇంటికో చేర్చేవాళ్ళు. అక్కడ కోళ్ళు బతికితే తమ తెలివి, చస్తే ఆ చుట్టాల దిష్టి.

ఆ ఏడు కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, పర్చూరు పక్కన మస్తాన్‌బీ కాపురముంటున్న ఊరికి కొక్కెర వచ్చింది. మామూలు ఏడాదైతే మస్తాన్‌బీ అంత కంగారుపడేది కాదు. కానీ ఈసారి ఆ కోళ్ళన్నీ కూతురి పురిటికని పెంచినవి. నసీమున్నీసాను ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. తొలికాన్పు. పిల్ల చూస్తే పత్తికట్టెలా ఉంది. బాలింతకు నలభై రోజులూ నాటుకోడి పులుసూ, పూటకో గుడ్డూ పెట్టి, బుగ్గలు నిండాక గానీ అత్తారింటికి పంపనని మస్తాన్‌బీ నలుగురిలో అనేసింది. అందులోనూ వియ్యపురాలు మదార్‌బీ వింటుండగా అంది. ఇక ఆ మాట వెనక్కి తీసుకునే వీల్లేదు.

"నెల కిందట పశువుల కాంపౌండరు సూదులు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు గదే. అప్పుడేం చేశావు?" అన్నాడు మొగుడు జాన్ బాషా. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఆయన నోరు కూడా చేతిలోని దూదేకే విల్లులాగే ఒక్క క్షణం ఊరుకోదు.

ఆమె ఏం చేసిందో ఊరందరికీ తెలుసు. సూది వేస్తే పెట్ట గుడ్డు మానేస్తుందని ఎవరో అన్నారు. అంతే, కోళ్ళన్నిటినీ గదిలో గంపల కింద కమ్మి, గంపల మీద కొత్త పరుపు పరిచి, "మాకు కోళ్ళు లేవు నాయనా" అంది. లోపల పుంజు కొక్కొరోకో అని కూసింది. "మా ఆయన గురక" అంది మస్తాన్‌బీ. ఆ మాట అన్నప్పుడు జాన్ బాషా కాంపౌండరు ఎదురుగానే అరుగు మీద కూర్చుని దూది ఏకుతున్నాడు పాపం. కాంపౌండరు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, నవ్వుకుంటూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"అయిందేదో అయింది. మదార్‌బీ వదిన ఇంటికాడ దించి వస్తా. పురుడొచ్చే వేళకి మళ్ళా తెచ్చుకుంటా" అంది మస్తాన్‌బీ.

"మనిషికి అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి గడప దాటనియ్యం. కోడికొస్తే గంపలో పెట్టి బస్సెక్కిస్తామా?"

"నా కోళ్ళకేం రాలా. పక్కవీధి కోళ్ళకొచ్చింది."

"పక్కవీధికి మాత్రం ఎట్టా వచ్చిందంటావ్? ఏ చుట్టం గంపలోనో దిగి ఉంటది."

మస్తాన్‌బీ విననట్టే గంపకు వల బిగించింది. వియ్యపురాలి కోళ్ళలో కలిసిపోతే మళ్ళీ పోల్చుకోవాలి కదా అని, ఒక్కో కోడి కాలికి పరుపుగుడ్డ పీలిక ఒకటి కట్టింది. నీలం చారల గుడ్డ. చెల్లెలు కరీమున్‌ను పిలిచి నసీమున్నీసాను అప్పజెప్పి, సాయంత్రానికి వచ్చేస్తానని బస్సెక్కింది.

మదార్‌బీ ఊరు వినుకొండ దారిలో ఉంది. చిలకలూరిపేటలో బస్సు మారాలి. బస్సులో కండక్టరు గంపను చూసి, "ఏమ్మా, కోళ్ళకు టిక్కెట్టు తీశావా?" అన్నాడు. "సీట్లో కూర్చునే వాళ్ళకు గదా నాయనా టిక్కెట్టు, ఇవి నుంచునే వస్తన్నాయి" అంది మస్తాన్‌బీ. బస్సంతా నవ్వింది, కండక్టరూ నవ్వాడు. రోడ్డుకు రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి తిరిగేసరికి ఆ ఘాటు బస్సులోకి కొట్టింది. డ్రైవరు తుమ్మాడు, కండక్టరు తుమ్మాడు, వెనక సీటు ముసలాయన వరసపెట్టి తుమ్మాడు. గంపలోంచి కూడా చిన్న తుమ్ము వినపడింది.

"మిరప ఘాటు. దానికి మాత్రం ముక్కు లేదా ఏం?" అంది మస్తాన్‌బీ, ఎవరూ అడక్కుండానే.

చిలకలూరిపేట బస్టాండులో దిగాక అక్కడ కల్లాలూ లేవు, ఘాటూ లేదు. కానీ గంపలో కోడి మళ్ళీ తుమ్మింది. వల సందులోంచి చూస్తే బూడిదరంగు పెట్ట రెక్కలు జారేసి కళ్ళు మూసుకుని ఉంది. మస్తాన్‌బీ ఆ సందును కొంగుతో కప్పేసింది. బస్సు కుదుపులకు అలిసి ఉంటుందిలే అని తనకు తనే చెప్పుకుంది. ఆ మాట తనకే నమ్మకం కుదరలేదు.

సరిగ్గా అప్పుడే ఎదుటి బస్సు దిగింది వియ్యపురాలు మదార్‌బీ. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆమె చంకలోనూ ఒక గంప ఉంది. దానికీ వల బిగించి ఉంది.

"సలాం వదినా! ఎక్కడికీ?" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"మీ ఇంటికే!" అదీ ఒక్కసారే అన్నారు.

గంపలు పక్కపక్కనే కింద దించి, ఇద్దరూ ఒకరి గంప వంక ఒకరు చూసుకున్నారు. ముందుగా మదార్‌బీయే తేరుకుంది. "కోడలి పురిటికని పెంచానొదినా. ముందే ఇచ్చి పోదామని తెచ్చా" అంది.

"నేనూ అంతే వదినా. వియ్యాలవారింటికి వట్టిచేతుల్తో ఏం పోతాంలే అని..." అంది మస్తాన్‌బీ.

వియ్యపురాలు తెచ్చిన కోడిని వద్దనడం ఎక్కడా లేదు. కాబట్టి తన కోళ్ళు ఆమె ఇంటికి పోవాలి, ఆమె కోళ్ళు తన ఇంటికి రావాలి. నిక్షేపంలాంటి ఆ కోళ్ళు తన ఊళ్ళో నాలుగు రోజుల్లో చస్తాయి. తన గంపలోని తుమ్ము ఆమె ఊరంతా పాకుతుంది. నోరు విప్పి నిజం చెబితే? వియ్యపురాలికి రోగం కోళ్ళు అంటగట్టబోయిందన్న మాట నసీమున్నీసా ఆ ఇంట్లో జన్మంతా వినాలి.

ఇంతలో పత్తిబోరెం మోసుకొస్తున్న హమాలీ కాలు గంపకు తగిలింది. గంప పోయి గంప మీద పడింది. వలలు ఊడాయి. ఇంకేముంది, బస్టాండంతా కోళ్ళే. ఒకటి సోడాబండి ఎక్కింది, ఇంకొకటి గుంటూరు బస్సు కిందికి దూరింది. పుంజొకటి కండక్టరు టిక్కెట్ల పెట్టె మీద నిలబడి కూసింది. జనం పనులు మాని కోళ్ళవెంట పడ్డారు. చివరికి దొరికినవాటిని దొరికినట్టే రెండు గంపల్లో పోశారు. తీరా చూస్తే అన్నిటి కాళ్ళకూ నీలం చారల పీలికలే. మదార్‌బీ ఇంట్లోనూ పరుపుల పనే కదా! ఏ కోడి ఎవరిదో అల్లాకే ఎరుక.

బూడిద పెట్ట మదార్‌బీ చేతిలో ఉంది. అది ఆమె మొహంలోకే తుమ్మింది.

మిరప ఘాటు అనబోయింది మస్తాన్‌బీ. మాట పెదాల దాకా వచ్చింది గానీ, మొగుడు చెప్పిన వేపమండలు కళ్ళముందు కదిలాయి.

"వదినా, తిడితే తిట్టు. మా ఊళ్ళో కొక్కెర తగిలింది. వీటిని దాచుకోటానికి మీ ఇంటికి తెస్తన్నా" అంది. అని, ఏడ్చేసింది.

మదార్‌బీ బస్టాండు నేలమీదే చతికిలబడింది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఏడుస్తోందేమో అనుకుంది మస్తాన్‌బీ. తీరా చూస్తే ఆమె నవ్వుతోంది. "ఓసి నీ అఘాయిత్యం కూల! మరి నేనెందుకొస్తన్నా అనుకున్నావే తల్లీ? మా ఊళ్ళో వారంనుంచీ అదే రోగం! మీ ఊరు చల్లగా ఉందనుకుని బయల్దేరా!"

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మస్తాన్‌బీ కూడా నవ్వింది. ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి నవ్వుతుంటే సోడాబండివాడు డబ్బులడక్కుండానే రెండు సోడాలు కొట్టి ఇచ్చాడు.

"సర్లే, నరసరావుపేటలో మా చెల్లెలుంది. ఆడ దించుదాం" అంది మదార్‌బీ, సోడా తాగేసి.

"ఆమెకు కోళ్ళున్నాయా?"

"ఎందుకు లేవు, దొడ్డి నిండా ఉన్నాయి."

"అయితే వద్దొదినా. మనింట్లో పిల్లకు అమ్మవారు పోస్తే ఎత్తుకుని చుట్టాలిళ్ళు తిరుగుతామా?" అంది మస్తాన్‌బీ. ఆ ముక్క మొగుడిదని మాత్రం చెప్పలేదు.

చిలకలూరిపేట బయట జాన్ బాషా దూది కొనే పత్తిమిల్లు ఒకటుంది. మిల్లు వెనక పాడుబడిన షెడ్డుంది. కాపలాదారు ఇమ్మానియేలుకు కోళ్ళు లేవు, చుట్టుపట్ల ఇళ్ళూ లేవు. కోళ్ళను అక్కడ దించారు. అప్పగించి వెళ్ళిపోదామనే అనుకున్నారు గానీ, ఇమ్మానియేలు కోళ్ళవంక చూసే చూపు మస్తాన్‌బీకి నచ్చలేదు. దాంతో ఇంటికి కబురంపి ఇద్దరూ అక్కడే ఉండిపోయారు.

ఒక్కొక్క కోడీ పోతుంటే, "పాతిపెట్టడం దేనికమ్మా, నాకియ్యండి, పుణ్యముంటది" అనేవాడతను. మదార్‌బీ ఒక్క కసురు కసిరితే మిల్లు గేటు దాకా వెళ్ళేవాడు. మళ్ళీ ఆమే పిలిచి గుంత లోతుగా తవ్వించి, మీద సున్నం పోయించి, అతనికి ఇంత వేడన్నం పెట్టేది. మొదట్లో "నీది పోయింది వదినా", "కాదు, అది నీదే" అని వాదించుకునేవాళ్ళు. రెండు రోజులయ్యేసరికి "పోయింది" అని మాత్రమే అనుకున్నారు. పిల్లల పెళ్ళినాడు కూడా చెప్పుకోని కబుర్లు ఆ షెడ్డులో చెప్పుకున్నారు. గురక సంగతీ, బస్సులో మిరప ఘాటు సంగతీ విని మదార్‌బీ పొట్ట పట్టుకుంది.

చివరికి మూడు పెట్టలు మిగిలాయి. వాటిలో బూడిద పెట్ట ఒకటి. దాని మెడ ఒకపక్కకు వంకరపోయింది గానీ ప్రాణం నిలిచింది. అప్పట్నుంచీ అది లోకాన్ని వారగానే చూస్తుంది. వాటిని అక్కడే ఉంచి, ఇమ్మానియేలు చేత ఏసుప్రభువు మీద ఒట్టేయించుకుని, ఎవరి ఊరికి వాళ్ళు బయల్దేరారు.

పురుడొచ్చేసరికి మస్తాన్‌బీ ఊళ్ళో ఒక్క కోడి లేదు. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు వెల్లుల్లి కారం, బీరకాయ కూర పెడుతూ మస్తాన్‌బీ నలుగురిలో తల ఎత్తలేకపోయింది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళలో ఒకామె, "కోడి పులుసన్నావుగా?" అని అననే అంది. మస్తాన్‌బీ మొహం చిన్నబోయింది. పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న మదార్‌బీ అందరికీ వినపడేట్టు, "ఆ కోళ్ళు పోయింది నావల్ల. నా రోగం కోళ్ళు తెచ్చి ఆమె గంపలో కలిపా" అంది. ఆ మాటకు మస్తాన్‌బీ వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయ ఒక్కటీ తరక్కుండానే కళ్ళు తుడుచుకుంది.

బాలింత లేచి తిరిగే వేళకు మూడు పెట్టలూ ఇంటికొచ్చాయి. వంకరమెడ పెట్ట పై ఊరినుంచి కొనితెచ్చిన గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. కాంపౌండరు మళ్ళీ సైకిల్ మీద వస్తే, మస్తాన్‌బీ రెండు చంకల్లో రెండు కోళ్ళు పెట్టుకుని వీధిచివరికే ఎదురెళ్ళింది. "ఏమ్మా, ఈసారి మీ ఆయన గురక పెట్టటంలేదా?" అన్నాడతను. అరుగు మీద జాన్ బాషా విల్లు ఆపి మరీ నవ్వాడు.

వానలు పడి పత్తి గింజలు వేస్తున్న రోజుల్లో నసీమున్నీసా బుగ్గలు నిండాయి. మస్తాన్‌బీ కూతుర్నీ మనవరాలినీ, సూదులు వేయించిన కోడిపిల్లల గంపనూ తీసుకుని వినుకొండ బస్సెక్కింది. మదార్‌బీ రోడ్డుమీదే నిలబడి ఉంది. నలభయ్యోనాటి తర్వాత ఆమె మనవరాలిని చూడలేదు. బస్సు ఆగీ ఆగకముందే చేతులు చాచి పరుగెత్తుకొచ్చింది.

రెండు బారల దూరంలో ఉన్నట్టుండి ఆగిపోయింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గట్టిగా తుమ్మింది. చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

"నిన్నట్నుంచీ పడిశం పట్టిందొదినా. నేనెత్తుకోను" అంది.

పిల్ల నాయనమ్మను చూసి బోసినోటితో నవ్వుతోంది. మదార్‌బీ కళ్ళు పిల్లమీద నుంచి కదలడం లేదు. మస్తాన్‌బీ కూతురి చంకలోంచి పిల్లను అందుకుని ముందుకు చాపింది. "ఏం కాదులే వదినా, మిరప ఘాటేమో. ఎత్తుకో" అంది.

మదార్‌బీ అటూ ఇటూ చూసింది. తడిసిన నల్లరేగడి తప్ప చుట్టూ ఏమీ లేదు.

"కల్లాలెక్కడున్నయ్యే ఇప్పుడు?" అంది. అని, మనవరాలిని వదిలి కోడిపిల్లల గంపను నెత్తికెత్తుకుంది. దారి పొడుగునా పదడుగులు ముందు నడుస్తూ, మాటిమాటికీ వెనక్కి తిరిగి పిల్లను చూసుకుంటూ ఇంటికి తీసుకెళ్ళింది.