అజుకిని ఆపిన గొంతు

శనివారం వచ్చిందంటే ఉకాయ్ మోరియోని ఇంట్లో పట్టి ఉంచడం ఎవరి తరమూ కాదు. మోకాలి లోతు మంచు కురిసినా సరే, చెవుల టోపీ బిగించుకుని, గుర్రాల పేర్లకు గుర్తు పెట్టుకునే ఎర్ర పెన్సిలు జేబులో వేసుకుని, ఒబిహిరో గుర్రప్పందాల మైదానానికి బస్సెక్కేవాడు. అతని భార్య సనాయే గుమ్మం దాకా వచ్చి, మఫ్లరు మెడకు చుట్టి మరీ సాగనంపేది.

"వెళ్ళు, తొందరగా వెళ్ళు. వారమంతా చాకిరీ చేసిన నా చెవులకి ఈ ఒక్కరోజే కదా సెలవు!" అనేది.

అందులో అబద్ధమేమీ లేదు. మోరియో గొంతు అలాంటిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాల ట్యాంకరు లారీ నడిపాడు. తెల్లవారకముందే ఊరి చుట్టూ ఉన్న పశువుల పాకలకు వెళ్ళి పాలు నింపుకోవడం అతని పని. లారీ మోత, పితికే యంత్రాల మోత, వాటి మధ్యలో ఎక్కడో పాకలోపల ఉన్న రైతు. ఆ రైతుకు వినబడేలా అరిచి అరిచి, గొంతు అదే కొలతకు స్థిరపడిపోయింది. ఉద్యోగం మానేశాడు గానీ గొంతు మానలేదు. టీ కప్పు అందుకుంటూ "చాలు" అన్నా పక్కింటి కుక్క లేచి నిలబడేది.

ఆ మైదానంలో గుర్రాలు పరిగెత్తవు, బరువు లాగుతాయి. ఏనుగు పిల్లంత గుర్రం, దాని వెనక చక్రాల్లేని ఇనుప బండి, బండి మీద నిలబడి పగ్గాలు పట్టుకున్న జాకీ, దారిలో రెండు దిబ్బలు. మనిషి నడకకు అందే వేగం కాబట్టి పందెం కాసినవాళ్ళు కంచె పక్కనే తమ గుర్రంతో పాటు నడుస్తూ, బతిమాలుతూ, తిడుతూ గెలుపు గీత దాకా వెంట వెళ్తారు. మోరియోకి ఆ నడకంటే ప్రాణం. గెలిచినా ఓడినా ఒక గుర్రంతో కలిసి నడిచి వచ్చిన తృప్తి మిగిలేది.

"వేరే ఊళ్ళలో గుర్రాలు మన డబ్బు పట్టుకుని పారిపోతాయి. ఇక్కడివి మర్యాదస్తులు, మన కళ్ళముందే మెల్లగా మోసుకుపోతాయి" అనేది కినూ అక్క.

కుబోదెరా కినూ స్టేషను వీధిలో జుట్టు కత్తిరించే దుకాణం నడిపేది. మోరియో కన్నా నాలుగేళ్ళు పెద్ద. శనివారం ఊరంతా జుట్టు కత్తిరించుకునే రోజని తెలిసీ, తలుపుకు 'సెలవు' అట్ట తగిలించి వచ్చేసేది. ఇద్దరూ పేగుల పులుసు అమ్మే కొట్టు ముందు కలుసుకుని, చెరొక గిన్నె వేడివేడిగా తాగి, పందానికి ముందు గుర్రాలను తిప్పి చూపే ఆవరణ దగ్గరికి నడిచేవారు. కినూ అక్క మాట్లాడకుండా చూసి టికెట్టు కొనేది. మోరియో మాట్లాడుతూనే కొనేవాడు. ఆమె అప్పుడప్పుడూ గెలిచేది. అతను అప్పుడప్పుడూ కూడా గెలిచేవాడు కాదు.

దానికి కారణం అజుకి.

అజుకి ఎర్ర చిక్కుడుగింజ రంగున్న మగ గుర్రం. పేరు కూడా ఆ గింజ పేరే. ఛాతీ చూస్తే తలుపంత. మోరియో శరదృతువు నుంచీ ఆ గుర్రం మీద తప్ప మరో దాని మీద కాయలేదు. అలాగని అది చేతకానిదా అంటే కాదు. మొదటి దిబ్బ ఆడుతూ పాడుతూ దాటేది. రెండోది, పెద్దది, మిగతా గుర్రాలు మోకాళ్ళ మీద కూలబడే చోట, ఒక్క ఊపుతో ఎక్కి దిగేది. అందరికన్నా ముందుండేది. ఇక చదునైన నేల, ఎదురుగా గీత. సరిగ్గా అక్కడ, మోరియో కంచె పట్టుకుని "హోయ్ అజుకీ! రా నాయనా, రా!" అని గొంతు చించుకుంటుండగా, అది ఠక్కున ఆగిపోయేది. జాకీ పగ్గాలు విదిలించినా, కేకలు పెట్టినా చెవులు నిక్కబొడుచుకుని రాయిలా నిలబడేది. వెనకవాళ్ళంతా ఒక్కొక్కరే దాటిపోయాక, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కదిలేది.

"దానికి దమ్ము తక్కువ. ఆ గుర్రాన్ని వదిలెయ్" అంది కినూ అక్క చాలాసార్లు.

"వదలను. దమ్ము కాదక్కా, దానికి బిడియం. గెలవడానికి సిగ్గుపడుతోంది" అనేవాడు మోరియో.

ఫిబ్రవరిలో అతనికి జలుబు చేసింది. గొంతు పూర్తిగా పూడుకుపోయింది. సనాయే వేడివేడి అల్లం నీళ్ళు పట్టిస్తూ, ముఖంలో సంతోషం కనబడకుండా నానా తంటాలు పడింది. శనివారం మాత్రం అతను ఆగలేదు. పందెం మొదలైంది. అజుకి రెండో దిబ్బ దిగింది. మోరియో పక్కన నడుస్తూ నోరు తెరిస్తే ఈల లాంటి గాలి తప్ప ఏమీ రాలేదు. అజుకి ఆగలేదు. ముక్కు పుటాల్లోంచి రైలింజనులా ఆవిరి వదులుతూ, బండిని ఈడ్చుకుంటూ గీత దాటింది. మొదటి స్థానం!

మోరియో కినూ అక్క చేతులు పట్టుకుని ఎగిరాడు. మాట రాక ఏడ్చేశాడు. కినూ అక్క మాత్రం అతని ముఖాన్ని, గుర్రాన్ని, మళ్ళీ అతని ముఖాన్ని చూసింది.

తర్వాతిసారి అజుకి పందెంలోకి దిగేసరికి అతని గొంతు తిరిగొచ్చింది, వడ్డీతో సహా. "హోయ్ అజుకీ!" అన్నాడో లేదో, అందరికన్నా ముందున్న గుర్రం నిలబడిపోయింది. ఈసారి కినూ అక్క గీత వైపు చూడలేదు. గుర్రం చెవుల వైపు చూసింది. రెండు చెవులూ కంచె వైపు తిరిగి ఉన్నాయి.

పందెం అయ్యాక ఆమె అతన్ని పులుసు కొట్టు దగ్గర బల్ల మీద కూర్చోబెట్టింది.

"మోరియో, నిజం చెప్పు. ఈ గుర్రం నీకెలా తెలుసు?"

"తెలియడమేంటక్కా, పుట్టినప్పటి నుంచీ తెలుసు. నేను పాలకి వెళ్ళే రైతు అన్‌జాయ్ వాళ్ళ పాకలో పుట్టింది. పాలకి వెళ్ళినప్పుడల్లా లారీ కిటికీలోంచి పిలిచేవాణ్ణి. ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి కంచె దగ్గర నిలబడేది. ఓ క్యారెట్ ఇచ్చేవాణ్ణి."

"ఏమని పిలిచేవాడివి?"

"ఏమని పిలుస్తాను? హోయ్ అజుకీ, రా నాయనా..."

చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు. కినూ అక్క గిన్నె బల్ల మీద పెట్టేసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కొట్టులో గరిటె తిప్పుతున్నాయన కూడా చెయ్యి ఆపి చూశాడు.

"క్యారెట్ కోసం ఆగుతోందిరా అది! ఆర్నెల్లుగా నీ గుర్రాన్ని నువ్వే ఓడిస్తున్నావు! పాపం ఆ జాకీ... దాన్ని ఎంత తిట్టుకున్నాడో!"

మోరియో మూతి ముడుచుకుని ఇల్లు చేరాడు. సనాయేకి చెప్తే ఆమె నవ్వలేదు.

"అందులో వింతేముంది? నువ్వు పిలిస్తే నేను మాత్రం పొయ్యి మీద గిన్నె వదిలేసి రావట్లేదూ? ఆ గుర్రానికి మర్యాద తెలుసు."

ఆ మాటకి అతని మనసు కొంచెం కుదుటపడింది. అయినా ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. పాలు తాగే వయసు నుంచీ ఎరిగిన గుర్రం జీవితానికి తానే అడ్డం పడ్డానన్న దిగులు.

మార్చి చివర్లో, ఆ ఏటి పందాల ఆఖరి రోజున అజుకి మళ్ళీ దిగింది. మంచు కరిగి, దారంతా చిత్తడి. మోరియో రానన్నాడు. రాకపోతే ఇంటికొచ్చి జుట్టు గీకేస్తానని కినూ అక్క కబురు పంపింది. వచ్చేసరికి చేతిలో రెండు మోచీలు పెట్టింది. లోపల తియ్యటి ముద్ద ఉన్న, అంగిలికి అంటుకుపోయే బియ్యప్పిండి ఉండలు.

"రెండో దిబ్బ రాగానే రెండూ ఒకేసారి నోట్లో కుక్కుకో. ఇవాళ నా డబ్బు కూడా దాని మీదే ఉంది. కిక్కురుమన్నావంటే చూడు."

పందెం మొదలైంది. మొదటి దిబ్బ దగ్గర మోరియో పెదవులు కొరుక్కున్నాడు. రెండో దిబ్బ ముందు గుర్రాలన్నీ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మోచీలు కుక్కుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బి, కళ్ళు నీళ్ళతో నిండాయి. అజుకి మెడ వంచింది, వీపు కండరాలు తాడులా లేచాయి, ఇనుప బండి కిర్రుమంది. ఎక్కింది! దిగింది! అందరికన్నా ముందు!

మోరియో కంచె వెంబడి నడుస్తున్నాడు. చేతులు ఊపుతున్నాడు, తల ఊపుతున్నాడు, శబ్దం లేదు. గుర్రం గీత వైపు సాగిపోతోంది. ఇంకొంచెం. ఇంకొంచెం.

అజుకి ఆగిపోయింది.

గుర్రం అలసిపోలేదు. తల పైకెత్తి, చెవులు అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతోంది. జలుబు రోజున అది అతన్ని చూడలేదేమో; ఇవాళ ఊగుతున్న ఆ చేతులు కంటబడ్డాయి, వాటితో పాటు రావలసిన గొంతు మాత్రం వినబడలేదు, అంతే. రావలసిన చుట్టం కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడిపోయింది. వెనకనుంచి ఒక తెల్ల గుర్రం బరబరా ఈడ్చుకుంటూ దగ్గరవుతోంది.

"కేకెయ్యి!" అంది కినూ అక్క.

"మ్మ్... మ్మువ్వే... వద్దన్నావ్!" అన్నాడు మోరియో మోచీల చాటునుంచి.

"ఇక్కడ కాదురా మొద్దూ! గీత అవతల! అవతలికి పోయి కేకెయ్యి! క్యారెట్ ఎక్కడుంటే గుర్రం అక్కడికి వస్తుంది!"

మోరియో పరిగెత్తాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, బుగ్గల నిండా పిండితో, చిత్తడిలో జారుతూ, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పరిగెత్తాడు. గీత దాటాడు. అక్కడ ఆగబోయి, బండి వెనక భాగం కూడా గీత దాటితేనే లెక్కని గుర్తొచ్చి, ఇంకా ముందుకు పోయాడు. ఒక మోచీ మింగాడు, రెండోది మఫ్లరులోకి ఉమ్మాడు. కంచె మీదికి వంగి, లారీ రోజుల నాటి ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"హోయ్ అజుకీ! రా నాయనా, రా!"

మైదానంలో అప్పటిదాకా అరుస్తున్న వాళ్ళందరూ ఒక్క క్షణం నోరు మూసుకున్నారట. అజుకి చెవులు రెండూ ముందుకు తిరిగాయి. అది తల దించింది. ఆ తర్వాత చూడాలి! పందెం గుర్రంలా కాదు, పాకలో పాల వేళ కంచె దగ్గరికి ఉరికే పిల్లలా వచ్చింది. వెనక అర టన్ను పైచిలుకు ఇనుము ఉందన్న సంగతే మరిచిపోయినట్టుంది. జాకీ పడిపోకుండా వెనక్కి వాలి పగ్గాలు పట్టుకున్నాడు. తెల్ల గుర్రం పక్కకి వచ్చేలోపే అజుకి బండి తోక గీత దాటింది.

గీత దాటినా అది ఆగలేదు. తిన్నగా మోరియో ఎదురుగా వచ్చి నిలబడి, కంచె మీదుగా మూతి చాపింది. మోరియో జేబులు తడుముకున్నాడు. ఎర్ర పెన్సిలు తప్ప ఏమీ లేదు. జాకీ బండి మీద నుంచి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఓహో! ఆ గొంతు మీదేనా, తాతగారూ?" అన్నాడు. "ఇన్నాళ్ళూ కంచె పక్కన ఎవడో దీనికి శత్రువు ఉన్నాడనుకున్నాను. ఇకముందు మాత్రం దయచేసి ఇలా గీత దాటాకే నిలబడండి!"

గెలిచిన సొమ్ముతో ఆ సాయంత్రం మోరియో, సనాయే, కినూ అక్క ముగ్గురూ పంది మాంసం వేసిన అన్నం తలా ఒక గిన్నె తిన్నారు. కినూ అక్క ఆ కథ హోటల్లో వాళ్ళకి చెప్పింది. మర్నాడు దుకాణంలో కుర్చీ ఎక్కిన ప్రతి తలకీ చెప్పింది. కత్తెర చేతిలో ఉన్న మనిషి చెప్తుంటే వినక చస్తారా!

ఏప్రిల్ చివర్లో కొత్త పందాలు మొదలయ్యాయి. నేల ఎండింది, గాలికి టోపీలు ఎగురుతున్నాయి. మోరియో దర్జాగా నడుచుకుంటూ గీత అవతలికి వెళ్ళేసరికి అక్కడ చోటు లేదు. ఇరవైమంది దాకా పందేలరాయుళ్ళు కంచె పట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు. ఒకరిద్దరి చేతుల్లో క్యారెట్లు కూడా ఉన్నాయి.

"మేమూ అజుకి మీదే కాశాం, ఉకాయ్ గారూ. మీకు సాయంగా ఉంటుందని..." అన్నాడొకాయన, కొంచెం సిగ్గుపడుతూ.

అజుకి రెండో దిబ్బ మీదికి ఎక్కీ ఎక్కగానే ఇరవై గొంతులూ ఒక్కసారి లేచాయి. "హోయ్ అజుకీ!" "రా నాయనా!" "హోయ్!" సన్నగొంతులు, బొంగురు గొంతులు, ఒక దగ్గు. అజుకి దిబ్బ మీద ఆగింది. చెవి ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పింది. ఇంతమంది మోరియోలను అది జన్మలో ఎరగదు. కాసేపు ఆలోచించి, ఇక తేలే వ్యవహారం కాదనుకుందేమో, తోక ఎత్తి తీరిగ్గా పేడ వేసింది.

మైదానమంతా గొల్లుమంది. మోరియో అరుద్దామని నోరు తెరిచాడు గానీ, నవ్వు అడ్డం పడి ఒక్క ముక్క బయటికి రాలేదు. కంచెకి ఆనుకుని కిందికి జారి, గడ్డి మీద కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. అజుకి అందరికన్నా ఆఖరున, ఊరేగింపులో వచ్చినట్టు నింపాదిగా వచ్చింది. దాని బండి గీత దాటేదాకా ఎవరూ కదల్లేదు. దాటాక అందరూ చప్పట్లు కొట్టారు, డబ్బు పోగొట్టుకున్న ఇరవైమంది అందరికన్నా గట్టిగా.

కినూ అక్క టికెట్టుతో విసురుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఆమె కాసింది తెల్ల గుర్రం మీద.

"లే, లే. తర్వాతి పందానికి గుర్రాలొచ్చేశాయి. దేని మీద కాస్తావ్?"

మోరియో ఆమె చెయ్యి పట్టుకుని లేచి, ప్యాంటు దులుపుకున్నాడు.

"ఏదైనా సరే అక్కా. నాకు పరిచయం లేని గుర్రాన్ని చూడు."