అక్క మూసిన గోడలు

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ ఇంట్లో ఎవరి పని వాళ్ళది. అమ్మ వెనకగదిలో కరెంటు కుట్టుమిషన్ ముందు కూర్చునేది. తమ్ముడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముందుగదిలో కంప్యూటర్ గేమ్ మొదలెట్టేవాడు. అక్క ఆఫీసుకు వెళ్ళేది. ఆవిడ ఉద్యోగం అదే గేమ్‌లో మోసం చేసేవాళ్ళను పట్టుకోవడం.

ఆ మోసగాళ్ళలో మన తమ్ముడే ఘనుడు. గేమ్‌లో గోడల వెనక నక్కిన శత్రువులు కనిపించేలా దొంగ ప్రోగ్రాం రాసుకున్నాడు. వారం తిరిగేసరికి ఇంటి గోడల అవతల కూడా కనిపించసాగింది వాడికి. పక్కింటావిడ వచ్చి, "బాబూ, మా బీరువా వెనక తాళంచెవి పడిందేమో కాస్త చూసిపెట్టు," అని అడిగి, తెలుసుకుని వెళ్ళేది.

అమ్మకు ఫిట్స్. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలన్నాడు డాక్టరు. మిషన్ మోతకు కొడుకు ఆట చెడుతుందని ఆవిడ తలుపు మూసుకునేది. "వాడికి కనిపిస్తూనే ఉంటానుగా," అనేది. నాలుగుసార్లు పడిపోయింది. నాలుగుసార్లూ వాడు గోడలోంచి చూసి, పరుగెత్తి, పక్కకు తిప్పి పడుకోబెట్టాడు.

భోజనాల దగ్గర అక్కాతమ్ముళ్ళకు రోజూ ఎత్తిపొడుపులే.

"దొంగచూపులు చూసి గెలిచి ఏం బావుకున్నావురా?"

"నేను కన్నం వేయకపోతే నీకు ఉద్యోగమెక్కడిదే?"

దొంగ ప్రోగ్రాములు దూరే కన్నాన్ని ఏ రోజు మూస్తారో ఇంట్లో చెప్పకూడదన్నది ఆఫీసు నియమం. అక్క చెప్పలేదు. గేమ్‌లో గోడలు వేరు, ఇంటి గోడలు వేరు అనుకుంది పిచ్చిది.

బుధవారం పదకొండింటికి, మూడు నెలలుగా వెతుకుతున్న కన్నాన్ని పూడ్చేసింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టారు. అవన్నీ అయ్యాక తమ్ముణ్ణి ఏడిపిద్దామని ఫోన్ చేసింది.

"ఎలా ఉందిరా?"

"గెలిచావులే. అరగంట నుంచి దీంతోనే చస్తున్నా. ఇంట్లో గోడలు కూడా మూసుకుపోయాయే. ప్రోగ్రాం బాగుచేస్తే అవీ తెరుచుకుంటాయిలే."

అక్క నవ్వు ఆగిపోయింది. ఫోన్లో మిషన్ చప్పుడు వినిపిస్తోంది. బట్ట తిప్పాలన్నా, దారం తెంపాలన్నా మిషన్ ఆగాలి. ఆగడం లేదు. కుట్టుపని చేసే తల్లికి పుట్టిన పిల్లకు ఆ మాత్రం తెలుసు, అంత పొడుగు కుట్టు ఏ బట్టకూ ఉండదు.

"ఒరేయ్, అమ్మ!"

వాడు పరుగెత్తిన అడుగులు వినిపించాయి. తలుపు గోడకు కొట్టుకుంది. మిషన్ ఆగింది.

"అక్కా," అన్నాడు వాడు, "కాలు పెడల్ మీదే ఉండిపోయిందే. మొహం బట్టల్లో కూరుకుపోయింది. ఊపిరి లేదే అక్కా."