సీసాలమ్మ రెండో సూది

ఆమె ఫ్లాస్కును కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. కడిగిన నీరు గాజు మీద పలచని పొరలా జారిపోతే శుభ్రమైనట్టు, బొట్లుగా నిలిస్తే జిడ్డు ఇంకా వదలనట్టు. మెడ దగ్గర రెండు బొట్లు ఆగాయి. ఫ్లాస్కును మళ్ళీ సబ్బునీళ్ళ తొట్టిలోకి దించి, పొడుగాటి బ్రష్షు అందుకుంది. ఇవాళ పనిలో ఆఖరి రోజని ఆ చేతులకు తెలిసినట్టు లేదు.

ముప్ఫైరెండేళ్ళుగా ఆ ప్రయోగశాలలో గాజుసామానంతా ఆమే కడిగేది. అందరూ సీసాలమ్మ అంటారు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అని నవ్వేసేది. ఊపిరితిత్తుల జబ్బున్న చెల్లెల్ని కనిపెట్టుకుని ఉండడంలోనే ఆమె వయసంతా గడిచిపోయింది.

రెండేళ్ళ కిందట చలికాలంలో, పడిశమే కదా అనుకున్నది ఫ్లూ అయి, ఆమె నుంచి చెల్లెలికి అంటుకుంది. చెల్లెలు పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక పల్లెత్తు మాట అనలేదు. అదే సీసాలమ్మకు ముల్లై గుచ్చుకుంది. అప్పట్నుంచి మళ్ళీ అంటుకుంటుందేమోనని చెల్లెలు గడప దాటదు. దూరపు ఊళ్ళో ఉన్న మేనకోడలికి పాప పుట్టి ఏడు నెలలైనా, అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోటోలోనే చూసుకుని మురిసిపోయారు.

అందుకే, పెద్దవాళ్ళలో ఫ్లూ టీకా ఎంతవరకు పనిచేస్తుందో చూసే పరిశోధన ఆ భవనంలోనే మొదలైనప్పుడు అందరికంటే ముందు చెయ్యి చాపింది. సూదికి ముందోసారి, నెల తర్వాత ఇంకోసారి నెత్తురు తీశారు. నిరుడు టీకా ఒంటికి సరిగా పట్టలేదన్నారు. ఈ ఏడు ఎక్కువ మోతాదు ఇచ్చారు. చెల్లెలికీ ఆసుపత్రిలో టీకా వేయించింది.

పదకొండింటికి ఆ పరిశోధన చేసే డాక్టరమ్మ కాగితాలతో వచ్చి, తొట్టి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పెద్దమ్మా, ముందు నిరుటి సంగతి. మీ ఒంట్లో ఓ పాత వైరస్ ఉంది. చిన్నప్పుడెప్పుడో వచ్చుంటుంది. చాలామందిలో ఉంటుంది. చప్పుడు చెయ్యదు, అలాగని పోనూ పోదు."

"పిలవకుండా వచ్చి తిష్ఠ వేసిన చుట్టమన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. "దానికి కాపలా కాయడంలోనే ఒంట్లో శక్తి కొంత పోతుందేమో, కొత్త టీకాని అందుకోవడానికి మిగలదేమో అని మా అనుమానం. కానీ అది ఉన్నా కొందరికి టీకా బాగానే పట్టింది. ఎందుకో ఇంకా తేలలేదు. మీ తప్పయితే ఏమీ లేదు."

సీసాలమ్మ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. తప్పన్న మాట ఆమె ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

"మరి ఈ ఏడు?" అంది, తలెత్తకుండానే.

"ఫ్లూని ఎదుర్కునే యాంటీబాడీలు ఐదింతలు పెరిగాయి."

"అంటే, మేం రైలెక్కొచ్చా?"

"ఏమీ కాదని హామీ ఇవ్వలేను. ఇద్దరూ మాస్కులు పెట్టుకోండి. దగ్గేవాళ్ళకు దూరంగా కూర్చోండి. కానీ వెళ్ళిరండి పెద్దమ్మా."

కళ్ళు తుడుచుకోబోయి, చేతులకు సబ్బుందని గుర్తొచ్చి భుజంతో ఒత్తుకుంది. తర్వాత వరండాలోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏమే, పెట్టె సర్దు. రేపే ప్రయాణం."

అవతల చెల్లెలు బీరువా తలుపు తీసిన చప్పుడైంది. "నిజంగానా అక్కా? మరి నేను అల్లిన టోపీ పాప తలకి ఇప్పుడు పడుతుందంటావా?"

"పట్టకపోతే ఇంకోటి అల్లుదువుగాని. ఊలు కూడా సర్దుకో."

మధ్యాహ్నమంతా పని మామూలుగానే సాగింది. వీడ్కోలు సభ పెడతామంటే "నేను ఏడిస్తే చూడలేరు, వద్దు" అని ముందే చెప్పేసింది. నాలుగున్నరకు తొట్టి ఖాళీ చేసి, అంచులు తుడిచి, బ్రష్షులు ఆరబెట్టింది. సంచీ భుజానికి తగిలించుకుని, ఎదురైన వాళ్ళందరికీ రోజూలాగే "వస్తానర్రా" అని చెప్పి మెట్లు దిగిపోయింది. ఆ రోజు ఆమె నడకలో తొందర కనిపించిందని తర్వాత కాపలాదారు అన్నాడు.

అయిదు దాటాక డాక్టరమ్మ అలవాటుగా ఓ బీకరు తీసుకుని తొట్టి దగ్గరకు వచ్చింది. కాలికి ఏదో తగిలితే వంగి చూసింది. తొట్టి అందడానికి సీసాలమ్మ ఎక్కి నిలబడే చెక్కపీట అది. నడిమధ్యన రెండు పాదాల మేర అరిగి, నున్నగా పల్లమై, ఇంకా కాస్త తడిగా ఉంది.