పైపులు బయటపెట్టుకున్న ఇల్లు

సింక్ కింద దూరి, పైపులో పేరుకున్న జిడ్డుని గరిటె కాడతో లాగుతుంటే జయంతి వచ్చింది. మా ఆయన భీమశంకర్ ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్. ఏటా వేసవిలో స్టూడెంట్లని పారిస్, లండన్ తీసుకెళ్ళి, కొత్తగా కట్టిన భవనాల మధ్య నడిపిస్తూ వాటి సంగతులు చెప్తారు. ఎనభై నాలుగులో అమెరికాలో మా ఊరు పిస్కాటవేలో ఉండే తెలుగువాళ్ళ పిల్ల జయంతి కూడా వెళ్ళొచ్చింది.

"ఆంటీ, అంకుల్ వాక్స్‌లో చెప్పినవన్నీ టేప్ చేశాను. హి ఈజ్ సో ఫన్నీ. మేం నవ్వి నవ్వి చచ్చాం," అంటూ కాసెట్ నా తడిచేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఫన్నీయా? పప్పులో ఉప్పు తగ్గిందనడం తప్ప ఈ మనిషి ఇంట్లో సరదాగా ఒక్క మాటన్న పాపాన పోలేదు. అక్కడ ఎవరో ఆడమనిషి ఉండే ఉంటుంది. నేనూ వస్తానన్నప్పుడల్లా "ఫ్యామిలీస్‌ని ఎలౌ చెయ్యరు వసూ, అయినా రోజంతా నడక, నీకు బోర్ కొడుతుంది" అనేవారు. ప్రయాణం తలపెట్టిన దగ్గర్నుంచీ నామీద ఎక్కడలేని ప్రేమ. నేను చపాతీలు ఒత్తుతుంటే గోడమీద స్లైడ్లు వేసి, "ఇది చూస్తే నీకేమనిపిస్తోంది?" అని అడగడం. తప్పు చేసే మగాడికే ఇంత మంచితనం వస్తుంది అనుకున్నాను.

ఇంట్లో వినే ధైర్యం లేకపోయింది. గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో కారు అద్దాలు ఎత్తేసి కాసెట్ పెట్టాను. చెవులు రిక్కించి ఆడగొంతు కోసం వెతికాను. దొరికింది. ఈయనతోపాటు పాఠాలు చెప్పే రాధాకృష్ణగారి భార్య నళిని. ఆవిడ వెళ్ళిందన్నమాట, మొగుడితో. "వసుమతిని తీసుకురాలేదేం అన్నయ్యగారూ?" అంటోంది. ఈయన, "తనకి ఇలాంటివాటిమీద ఇంట్రెస్ట్ లేదండీ," అన్నారు.

తర్వాత పారిస్‌లో, రంగురంగుల పైపులన్నీ బయటే పెట్టుకున్న ఆ పెద్ద ఆర్ట్ సెంటర్ ముందు ఆగి ఇంగ్లీషులో మొదలుపెట్టారు. "మీ అమ్మ సింక్ కింద దూరి బాగుచేసే పైపులు మీరెప్పుడైనా చూశారా? ఈ ఇంట్లో చాకిరీ చేసేవాటిని దాచలేదు. తీసుకొచ్చి ముందుగదిలో కూర్చోబెట్టారు." పిల్లలు పగలబడి నవ్వారు.

ఆ మాట నాది. పోయిన చలికాలం ఆ సింక్ కిందనుంచే, స్లైడ్ చూసి నేనన్నది. టేప్ ముందుకి తిప్పాను. లండన్‌లో కిటికీల్లేని కాంక్రీటు థియేటర్. "అలిగి అటు తిరిగి పడుకున్న అత్తగారు." అదీ నాదే. అత్తగారిని మదర్-ఇన్-లా చేశారు, అంతే.

"ఇవన్నీ మీకెలా తడతాయి అంకుల్?" జయంతి అడుగుతోంది.

"నడుస్తుంటే అవే తడతాయమ్మా."

ఇంకెవరో ఆడమనిషయితే ఏడ్చేదాన్నేమో. టేపు నిండా ఉన్నది నేనే అని తెలిశాక ఒళ్ళు మండిపోయింది. కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఆదివారం పొద్దున ఆయన మళ్ళీ ప్రొజెక్టర్ పెట్టారు. లండన్‌లో ఇంకా కడుతున్న ఆఫీసు భవనమట, వచ్చే ఏడు వాక్‌లో చూపిస్తారట. నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"వసూ, ఒకసారి ఇటు రా. దీన్ని చూస్తే నీకేమనిపిస్తోంది?"

చాలా అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నాక్కూడా నడుస్తుంటేనే తడతాయండీ. నాకూ టికెట్ బుక్ చెయ్యండి."