గచ్చులో దిగిన స్తంభం

మోకాలి కిందికి వంగి ఎందుకు చూడలేదు తను, ఛాతీ ఎత్తున నాలుగు స్తంభాలనీ వేళ్లతో కొట్టి, గట్టిగా పలికాయి కదా చాలనుకుని, నూట పదేళ్ల మండువా లోగిలి, టేకు దిట్టంగా ఉంది, కాపాడదగిన కట్టడం అని రిపోర్టు రాసి కింద ప్రసన్నలక్ష్మి, బీటెక్ అని సంతకం పెట్టేసింది, వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే, పడగొట్టి చేపల మేత గోడౌన్ కడతానన్న లోగిలి సొంతదారు సుబ్బరాజు గారిని ఆపింది ఆ సంతకమే, ఇప్పుడు పెదపాడు వెళ్లే ఆటోలో వాన జల్లు మొహాన కొడుతుంటే అదే కళ్ల ముందు ఆడుతోంది, ఆ లోగిట్లో కుట్టు నేర్పే సత్యవతి గారు పొద్దున ఫోన్ చేసి నవ్వుతూనే అన్నారు, ఏవండీ ఇంజనీరు గారూ, ఓ స్తంభం కాస్త కుంగినట్టుందండీ, తలుపు పట్టేస్తోంది, మీరు బాగుందన్నారని మిషన్లన్నీ దాని పక్కనే వేసుకున్నామండీ, పన్నెండు మిషన్లు, పన్నెండు మంది ఆడవాళ్లు, పైన మూడు రోజుల ముసురుకి నానిన పెంకులు, ఫోన్ పెట్టేసి ఆ లోగిలి పేరెత్తగానే నాన్న తాతాజీ మేస్త్రి మొహం వెలిగిపోయింది, ఆ లోగిలా, అందులో గచ్చు నేనే పోశానమ్మా, కొల్లేరు పొంగి నీళ్లొచ్చిన ఏడాది నేల జానెడు లేపి స్తంభాల చుట్టూ సిమెంటు బిగించేశాను, ఇంకో వందేళ్లు కదలవు, అప్పుడే తను ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టి లేచింది, పాత వడ్రంగులు కర్రని రాతి దిమ్మ మీద నిలబెట్టింది కాలికి తడి తగలకూడదనే కదా, నాన్న ఆ దిమ్మనే పూడ్చేశాడు, ఇన్నేళ్లూ ఆ సిమెంటే నీళ్లు తాగి కర్రకి తాగిస్తోంది, ఆ మేస్త్రి కూలితోనే తను చదువుకుంది.

అమ్మో, మేడం గారు తడిసి ముద్దయిపోయారు, జాకెట్టు కుట్టించుకోడానికొచ్చారా ఏంటండీ అని లోగిట్లో కుట్టు నేర్చుకునే జాయ్సీ అంటే అందరూ నవ్వారు, మిషన్లు గడగడలాడుతున్నాయి, ఆ అదురు నేలలోంచి అరికాళ్లకి ఎక్కుతోంది, కుంగిన స్తంభం పైన చెక్కిన చిలకలు ఎప్పట్లాగే ముద్దొస్తున్నాయి, తను మోకాళ్ల మీద కూర్చుని గచ్చు అంచున కర్రకి స్క్రూడ్రైవర్ ఆనించింది, నొక్కనే లేదు, పిడి దాకా దిగిపోయింది, తడి బెల్లంలోకి దిగినట్టు, ఇప్పుడు నోరు తెరిస్తే తన రిపోర్టు తప్పు, ఉద్యోగం ఏమవుతుందో, సుబ్బరాజు గారు రేపే కూల్చడానికి ప్రొక్లెయినర్ తెస్తారు, చిలకలూ పోతాయి, నాన్న పనితనమూ పోతుంది, రేపు పొద్దున ఎవరూ లేనప్పుడు వచ్చి చెబితేనో, పైన దూలం కిర్రుమంది, జాయ్సీ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు, ఆపండి, మిషన్లు వదిలేసి బయటికి రండి, నేను తప్పు రాశానండీ, అని అరిచింది తనేనా, సత్యవతి గారు ఒక్క ప్రశ్న వేయకుండా కరెంటు ఆపి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దాటించారు.

ఎదురింటి చూరు కింద నిలబడి లెక్కపెట్టుకుంది, పన్నెండు, సత్యవతి గారితో పదమూడు, ఫోన్ తీసి, నాన్నా, గచ్చులో స్తంభం కుళ్లిపోయింది, నువ్వు పోసిన గచ్చే, అంది, నాన్న మెల్లగా, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదమ్మా, దూలం బరువు ఆపడానికి కింద సరుగుడు బాదులు పోటు పెట్టేదాకా ఎవర్నీ లోపలికి పోనివ్వకు, ఉలీ సుత్తీ పట్టుకొస్తున్నా, దిమ్మ కనబడేదాకా నేనే కొడతాను, కుళ్లినంత కోసి కొత్త కర్ర అతికిస్తే ఇల్లు నిలబడుతుంది, అన్నాడు, పొద్దున్నుంచీ తను భయపడింది నువ్వు పోసిన గచ్చే అన్న ఆ ఒక్క మాట నాన్నతో అనడానికని అప్పుడు తెలిసింది.